కుర్చీలు మరమ్మతుకు వెళ్ళిన వారం

మా ఆయన మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఏమిటంటే, ఆయనకి ఒక్క చెడ్డ అలవాటూ లేదు. తాగరు. పేకాడరు. చెయ్యి ఎత్తడం మాట అలా ఉంచండి, గొంతు కూడా పెంచరు. ఇలాంటి మనిషి గురించి పుట్టింటివాళ్ళకి ఏమని చెప్పుకుని ఏడవను? ఉన్నదల్లా ఒకే ఒక్క జబ్బు, సమయం ఆదా చెయ్యడం. పళ్ళు తోముకుంటూ చొక్కా ఇస్త్రీ చేసుకుంటారు. నురగ కాస్తా చొక్కా మీద పడుతుంది. దాన్ని మళ్ళీ ఉతికేది నేను కాబట్టి ఆ సమయం లెక్కలోకి రాదు. మొట్టమొదటిసారి నాతో మాట్లాడిన రోజున కూడా, "మిగతావి పెళ్ళయ్యాక మాట్లాడుకుందాం" అని లేచి వెళ్ళిపోయారు. ఆ మిగతావి ఇప్పటికీ భద్రంగా మిగిలే ఉన్నాయి.

విచిత్రం ఏమిటంటే, ఈ జబ్బుకి ఒక కంపెనీ నెలనెలా జీతం ఇస్తోంది. ఓడల్లో వెళ్ళే సరుకుకి బీమా చేసే కంపెనీ అది. సగం ప్రపంచంలో ఆఫీసులున్నాయి. ఎక్కడో నడిసముద్రంలో ఒక పెట్టె తడిసినా, పగిలినా, మాయమైనా, ఆ నష్టం తాలూకు గొడవంతా ఇక్కడి ఆఫీసు మూడో అంతస్తులోకి వచ్చి పడుతుంది. ఆ అంతస్తుకి మా ఆయన మేనేజరు. అక్కడివాళ్ళు వెనకాల ఆయన్ని 'స్టాప్‌వాచ్' అంటారట. ఆయనకి తెలీదు. నాకు తెలుసు. తెలిసిన రోజు వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుని మరీ నవ్వాను.

కిందటేడు ఆయనకొక గొప్ప ఆలోచన వచ్చింది. భోజనాల గదిలో పొడుగాటి బల్లలు, కుర్చీలు ఉండేవి. జనం కూర్చుంటే లేవడం లేదు. "కంపెనీ అంతా అక్కడే కారిపోతోంది" అన్నారు ఒకరోజు, పైకప్పు గురించి చెప్పినట్టు. కుర్చీలన్నీ తీయించేశారు. నిలబడి తినే ఎత్తు బల్లలు వేయించారు, గుండ్రటివి, ఒక్కొక్కటి పళ్ళెం కన్నా కాస్త పెద్దవి. గంట పట్టే భోజనం గబగబా ముగియడం మొదలైంది. హెడ్ ఆఫీసువాళ్ళు మురిసిపోయి ఒక గాజు బహుమతి పంపించారు. మరో మూడు దేశాల్లో కూడా ఇలాంటి బల్లలే వేద్దామనుకున్నారు. ఆ గాజు ముక్కని మా ఆయన హాల్లో షోకేసులో పెట్టారు. మా అత్తగారు దాన్ని తీసి, గాలికి కొట్టుకునే తన గది కిటికీకి అడ్డం పెట్టుకున్నారు. చాలా బాగా ఆగుతోంది.

ఇక్కడ మా తోడికోడలి గురించి చెప్పాలి, అంటే మా మరిది భార్య గురించి. ఆవిడ పనిచేసేది కూడా ఆ మూడో అంతస్తులోనే, మా ఆయన కిందే. మరిది కొట్టు మూసేసినప్పటి నుంచీ వాళ్ళిల్లు ఆమె ఉద్యోగం మీదే నడుస్తోంది. మనిషి చూస్తే పిట్టంత, నవ్వితే మాత్రం పక్క వీధికి వినపడుతుంది. నా ఆపరేషన్ అయ్యాక నేను మంచం మీద ఉన్నన్నాళ్ళూ ఆఫీసు నుంచి తిన్నగా మా ఇంటికే వచ్చేది. అన్నం వండేది, నా జడ వేసేది, మా అత్తగారిని నవ్వించేది. మా అత్తగారిని నవ్వించడం ఎంత కష్టమో ఇంటి కోడలిగా నాకు తెలుసు. కుట్లు ఎప్పుడో మానిపోయాయి. ఆ సాయంత్రాలు మాత్రం నేను మరిచిపోలేదు.

ఆమెకొక చిక్కుంది. ఆఫీసులో మా ఆయన ఆమెకి సారు. ఇంట్లో బావగారు. సారుకి ఎదురు చెప్పకూడదు, బావగారికి ఎదురు చెప్పలేదు. అంచేత ఆమెకి ఆయనతో నిజం చెప్పే చోటంటూ ఈ భూమ్మీద లేదు. ఉన్నదల్లా మా వంటింట్లో నేను.

"అక్కా, ఆ బల్లలు వచ్చిన దగ్గర్నుంచీ పని సాగట్లేదు" అనేది.

"ఎందుకని?"

"ఎందుకో మరి. ఇదివరకు అన్నాలు తింటూ ఫైలు గురించి తిట్టుకునేవాళ్ళం. తిట్టుకుంటూ ఉంటే ఎవరో ఒకరు దారి చెప్పేవారు. ఇప్పుడు తిట్టుకోడానికి టైమేదీ?"

నేనీ మాట మా ఆయన చెవిన వేశాను. "మాట్లాడుకోడానికి మీటింగులున్నాయి" అన్నారాయన. "నీకు ఆఫీసు వ్యవహారాలు తెలీవులే." నేను చదివింది అర్థశాస్త్రం. అయితే ఏం, ఆ పట్టా కూడా షోకేసులోనే ఉంది, అది కిటికీకి కూడా పనికిరాదు.

ఒకరోజు పొద్దున్న ఆయన ఇస్త్రీ చేస్తూ చేస్తూ ఆగిపోయారు. పెట్టె చొక్కా మీదే ఉండిపోయింది. నేను పరిగెత్తి తీశాను.

"హెడ్ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది" అన్నారు. "మా అంతస్తులో పని పడిపోతోందట. వెనకబడ్డవాళ్ళ పేర్లు వచ్చే శుక్రవారం లోగా చెప్పమన్నారు. వాళ్ళని తీసేస్తారు. లేదంటే పని మొత్తం వేరే దేశానికి మార్చేస్తారు."

"ఎవరి పేర్లు?"

ఆయన కాలిన చొక్కా వైపు చూస్తూ అన్నారు. "మొదటి పేరు మన మరదలిదే. అందరికన్నా తక్కువ ఫైళ్ళు ఆమెవే తేలాయి. సొంతమనిషని వదిలేస్తే, మిగతావాళ్ళ మొహం ఎలా చూడను?"

నిజాయితీపరుడితో వచ్చిన చిక్కే ఇది. పక్షపాతం చూపించమని అడగలేం. ఆయన చూపించరు, మనకీ అడగడానికి సిగ్గు. ఆ రోజంతా నేను వంట చేశానో, వంట నన్ను చేసిందో గుర్తులేదు.

మర్నాడు ఆయన కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయారు. సరిగ్గా అన్నాలవేళకి తీసుకెళ్ళాను. కావాలనే ఆ వేళకి వెళ్ళాననుకోండి. గాజు తలుపులు, తళతళలాడే నేల, ఆసుపత్రిలో లాంటి చల్లదనం. భోజనాల గదిలోకి తొంగిచూస్తే, బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు జనం నిలబడి తింటున్నారు. ఒక చేత్తో ముద్ద, ఒక చేత్తో ఫోను. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. నా తోడికోడలు ఎక్కడా అని వెతికితే, ఒక బల్ల మీద ఆమె తల మాత్రం కనిపించింది. బల్ల సరిగ్గా గడ్డం దాకా వచ్చింది. పళ్ళెంలోంచి తినడం లేదు, పళ్ళెంతో ముఖాముఖి మాట్లాడుతోంది.

నన్ను చూసి గబుక్కున చెయ్యి పట్టుకుని వెనకవైపు మెట్ల దగ్గరికి లాక్కెళ్ళింది. మంటలొస్తే పారిపోయే మెట్లవి. నెలలు నిండుతున్న ఒకమ్మాయి అక్కడ మెట్టు మీద కూర్చుని తింటోంది. ఆమె పక్కన ఇంకో ఇద్దరు. కాసేపటికి లైటు దానంతటదే ఆరిపోయింది. ముగ్గురూ మాట ఆపకుండానే చేతులు గాల్లోకి లేపి ఊపారు. లైటు వెలిగింది.

"మనిషి కదలకపోతే ఆరిపోతుందక్కా" అంది నా తోడికోడలు. "మేం బతికే ఉన్నామని మధ్యమధ్యలో చెప్తూ ఉండాలి." నవ్వింది. పక్క వీధికి వినపడేంత కాదు. ఆ మెట్ల దాకానే.

తన పేరు ఎక్కడుందో ఆమెకి తెలీదు. నాకు తెలుసు. కళ్ళజోడు ఆయన బల్ల మీద పెట్టేసి వచ్చేశాను.

ఇంటికొచ్చి మా భోజనాల బల్ల ముందు కూర్చున్నాను. ఆ బల్ల చుట్టూ మా అత్తగారి చట్టం ఒకటి నడుస్తుంది. అందరూ తినేదాకా ఎవరూ లేవకూడదు. కొత్తలో అది నాకు జైల్లా ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే, ఈ ఇంట్లో నేను నేర్చుకున్నవీ, నాకు తెలిసినవీ, నేను గెలిచిన పోట్లాటలూ అన్నీ ఆ కుర్చీల్లోంచి వచ్చినవే. ఆ కుర్చీల మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందంటే, వెంటనే వాటిని బయటికి పంపించెయ్యాలనిపించింది.

సాయంత్రానికల్లా కుర్చీలన్నీ వడ్రంగి కొట్టుకి చేరాయి.

"సీట్లు కుంగిపోయాయి, మరమ్మతుకి ఇచ్చాను" అన్నాను రాత్రి భోజనాలప్పుడు. "ఓ వారం పడుతుందట."

మా అత్తగారు నన్నొక చూపు చూశారు. ఆవిడకి అన్నీ అర్థమవుతాయి, అర్థమైనట్టు కనపడటం ఇష్టముండదు. "నా పళ్ళెం మంచం దగ్గరికి తెచ్చిచ్చెయ్" అని వెళ్ళిపోయారు. మా అమ్మాయి పళ్ళెం పట్టుకుని తన గదిలోకి. నేను వంటింటి గట్టు దగ్గర. మా ఆయన బల్ల దగ్గర నిలబడి తిన్నారు, చేతి గడియారం చూసుకుంటూ.

"చూశావా? ఎంత తొందరగా అయిపోయిందో! మనం ఇన్నేళ్ళూ ఊరికే కూర్చున్నాం" అన్నారు.

"అవునండీ. ఇన్నేళ్ళూ ఊరికే" అన్నాను నేను.

నిజం చెప్తున్నాను, నా పథకం ఇంతే. ఆయన కాళ్ళు నొప్పెట్టాలి, అంతవరకే. ఆ తరవాత జరిగినది నా తెలివి కాదు, పైవాడి దయ.

మా స్నానాల గదిలో కుళాయి కారడం మొదలైంది. అది మా అత్తగారు చూసి, పక్కింటావిడతో చెప్పి వాళ్ళ ప్లంబరుని రమ్మన్నారు. నేను చూసి, మాకు తెలిసిన ప్లంబరుకి ఫోను చేశాను. మా అమ్మాయి చూసి, నీళ్ళు వృథా అవుతున్నాయని మేడెక్కి వాల్వు కట్టేసి పడుకుంది. మా ఆయన ఆదివారం పొద్దున్నే గడ్డానికి సబ్బు రాసుకుని కుళాయి తిప్పితే చుక్క నీళ్ళు రాలేదు. ట్యాంకు ఖాళీ అయిందనుకుని, ఒక్క క్షణం వృథా చెయ్యకుండా నీళ్ళ ట్యాంకరుకి ఫోను కొట్టారు.

ముందు ఒక ప్లంబరు వచ్చాడు. అతను చెప్పులు విప్పుతుండగా రెండో ప్లంబరు వచ్చాడు. ఇద్దరూ గుమ్మంలో నిలబడి, ఒకరి సంచి వైపు ఒకరు అనుమానంగా చూసుకుంటున్నారు. బయట ట్యాంకరు హారను. మేం తేరుకునేలోపు ట్యాంకరువాడు గొట్టం మేడ మీదికి లాగేసి, నిండుగా ఉన్న ట్యాంకులోకి నీళ్ళు వదిలేశాడు. అవి పొంగి, గోడ మీంచి జారి, కింద వాటాలో ఉండే పెద్దాయన ఆరేసుకున్న బట్టల మీద పడ్డాయి. కిందనుంచి ఆ పెద్దాయన అరుపులు. మా ఆయన ఒక చెంప నున్నగా, ఒక చెంప తెల్లగా, హాలు మధ్యలో నిలబడ్డారు.

అప్పుడు, మా పెళ్ళయ్యాక మొదటిసారి, ఆయన గొంతు పెంచారు.

"ఈ ఇంట్లో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోరా? కుళాయి కారుతోందని నీకు తెలుసు, వాల్వు కట్టేశానని దీనికి తెలుసు, ప్లంబరు వస్తాడని అమ్మకి తెలుసు! ఒక్క ముక్క, ఒక్క ముక్క ఎవరైనా నాకు చెప్తే సరిపోయేది కదా!"

మా అత్తగారు గది గుమ్మంలోకి వచ్చారు.

"ఎప్పుడు చెప్పాలి నాయనా?" అన్నారు. "నిలబడి మింగడానికే సరిపోతోంది."

మా ఆయన మెల్లగా బల్ల వైపు తిరిగారు. చుట్టూ ఏమీ లేకుండా బోసిగా ఉన్న ఆ బల్లని అలా చూస్తూనే ఉండిపోయారు. సబ్బు చెంప మీదే ఎండిపోయింది.

"ఇంతకీ ఏ కుళాయండీ?" అన్నాడు మొదటి ప్లంబరు.

మర్నాడు మధ్యాహ్నం నా తోడికోడలు ఫోను చేసింది. ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతోంది.

"అక్కా, కూర్చుని విను!"

"మా ఇంట్లో కుర్చీలు లేవు. చెప్పు."

"మేం మెట్ల మీద తింటున్నామా, తలుపు తెరుచుకుంది. చూస్తే బావగారు! చేతిలో క్యారేజీ! పట్టుబడ్డాం, అయిపోయాం అనుకున్నాం. 'కాస్త జరుగుతారా' అని మా పక్కనే మెట్టు మీద కూర్చున్నారక్కా. ఎవరూ నమలట్లేదు. ఇంతలో లైటు ఆరిపోయింది. ఆయన ముందు చేతులు ఊపడానికి ఎవరికీ ధైర్యం లేదు. చీకట్లో అలాగే కూర్చున్నాం. కాసేపటికి 'ఇప్పుడేం చెయ్యాలి?' అన్నారు. 'చెయ్యి ఊపాలి సార్' అన్నాను. ఊపారు!"

"తరవాత?"

"తరవాత ఆయన ఏమీ అనకుండా తింటుంటే, మా నోళ్ళు ఎంతసేపని ఊరుకుంటాయి? నా వాష్ బేసిన్ల ఫైలు ఉందిగా, కంటెయినర్ నిండా పగిలిపోయినవి? ఓడవాళ్ళకి రాసీ రాసీ నా వేళ్ళు అరిగిపోయాయని తిట్టుకుంటున్నాను. మా ఆఫీసు తాత ఉన్నాడు చూడు, రిటైరవబోయే ఆయన, కారు తేలేదని ఈ రోజు మా దగ్గరికొచ్చాడు, అన్నాడు కదా, 'ఓడవాళ్ళని అడిగితే ఏం లాభం? ఆ రేవులో దిగిన సరుకుకి ఫొటోలు తీసేది గేటు దగ్గర. గేటువాళ్ళని అడుగు' అని. నెల రోజుల ముడి, రెండు ముద్దల్లో విడిపోయింది! అంతలో తాత తన ఫైలు గురించి గొణుక్కుంటుంటే, నెలలు నిండుతున్న ఆ అమ్మాయి దారి చెప్పింది. బావగారు అన్నం కలుపుతూ ఆగిపోయారు. 'ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు?' అన్నారు తాతతో. 'నేను ఇన్నాళ్ళూ కారులో కూర్చుని తిన్నాను కదా సార్, మోకాళ్ళ నొప్పులు. వీళ్ళు నాకెక్కడ కనపడ్డారు?' అన్నాడు."

"దానికాయన ఏమన్నారు?"

"అనేలోపే మళ్ళీ లైటు ఆరింది. ఈసారి ఎవరూ చెప్పకుండానే ఊపారు."

గురువారం సాయంత్రం మా ఆయన ఒక బండి వెంటబెట్టుకుని వచ్చారు. బండి మీద మా కుర్చీలు. ఒక్కొక్కటీ స్వయంగా మోసుకొచ్చి బల్ల చుట్టూ వేశారు.

"వడ్రంగి అన్నాడు," అన్నారు చెమట తుడుచుకుంటూ, "వీటికి ఏ జబ్బూ లేదట. ఏం బాగుచెయ్యాలో అమ్మగారు చెప్పలేదు, ఊరికే ఉంచాను అన్నాడు."

"అయితే జబ్బు ఇంకెక్కడో ఉండి ఉంటుంది లెండి" అన్నాను.

ఆయన నా వైపు చూశారు. ఆ చూపులో కోపం వెతికాను. దొరకలేదు.

శుక్రవారం రాత్రి భోజనానికి మా అత్తగారు మరిదినీ తోడికోడలినీ పిలిచారు. ఎందుకు పిలిచారో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. పేర్లు పంపాల్సిన రోజు అది. మా ఆయన సాయంత్రమంతా గది తలుపేసుకుని హెడ్ ఆఫీసువాళ్ళతో మాట్లాడారు. బయటికొచ్చాక ఆయన మొహంలో నాకేమీ అర్థం కాలేదు. మరిదికి పప్పు రెండుసార్లు వడ్డించాను. నా తోడికోడలు మాత్రం కుర్చీలో హాయిగా వెనక్కి వాలింది.

"అబ్బ, ఎన్నాళ్ళయిందక్కా కాళ్ళు నేలకి తగలకుండా తిని!" అంది. మా అమ్మాయి పకపకా నవ్వింది. ఆ నవ్వుల మధ్యలో మా ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఈ రోజు పేర్లు పంపాలి. పంపలేదు" అన్నారు.

"ఏం పేర్లన్నయ్యా?" అన్నాడు మరిది.

నా తోడికోడలి చేతిలో ముద్ద ఆగిపోయింది. ఆమె తెలివితక్కువది కాదు. బావగారి మొహం చూసింది, నా మొహం చూసింది, చూసి తల దించుకుంది.

"ఎవరినీ తియ్యట్లేదు" అన్నారు మా ఆయన గబగబా. "ఎవరినీ. సోమవారం ఆ బల్లలు వెళ్ళిపోతాయి, పాతవి తిరిగొస్తాయి. మిగతా దేశాల్లో కూడా వెయ్యొద్దని చెప్పాను. మూడు నెలలు చూస్తామన్నారు. ఆ బహుమతి కూడా వెనక్కి పంపిస్తానన్నాను."

"అది పంపకు" అన్నారు మా అత్తగారు. "కిటికీ కొట్టుకుంటుంది."

మా ఆయన వినిపించుకోలేదు. "విషయమేమిటంటే, ఆ ప్రయోగం అనుకున్నట్టు జరగలేదు. బల్లల వల్ల కొన్ని ఇబ్బందులు వచ్చాయి. పరిస్థితులు..."

"ఒరేయ్," అన్నారు మా అత్తగారు మజ్జిగ గ్లాసు కింద పెడుతూ, "ఆ బల్లలు వాటంతటవే నడుచుకుంటూ వచ్చాయా ఆఫీసుకి?"

ఆయన లేచి వెళ్ళిపోదామన్నట్టు కుర్చీ కాస్త వెనక్కి జరిపారు. కానీ మా ఇంటి చట్టం తెలుసుగా. అందరి పళ్ళేల్లోనూ ఇంకా అన్నం ఉంది. నేనైతే ఆ క్షణంలో మా అత్తగారికీ, ఆ వడ్రంగికీ, ఇద్దరు ప్లంబర్లకీ, చివరికి కింద వాటా పెద్దాయన తడిసిన బట్టలకీ కూడా మనసులో దణ్ణం పెట్టుకున్నాను. అందరికన్నా ఎక్కువగా మా ఆయనకి. ఎందుకంటే ఆయన కుర్చీ మళ్ళీ ముందుకి జరుపుకున్నారు. చేతి గడియారం విప్పి బల్ల మీద బోర్లా పెట్టారు. నా తోడికోడలి వైపు తిరిగారు.

"మొదటి పేరు నీదేనమ్మా" అన్నారు. "నేనే అనుకున్నాను. మీకు పని చేతకావట్లేదనుకున్నాను. మీరు పని చేసుకునే చోటుని లాగేసింది నేను. బల్లలదేమీ లేదు. తప్పు నాది."